ఇంటికాడ్నే బండి ట్యాంకుకి పెయింట్: పెట్రోల్ తీసేకాడ్నుంచి పాలిష్ దాక

నేను మొదటిసారి పెయింట్ కొట్టిన ట్యాంకు మా నాన్న పాత స్ప్లెండర్‌ది. నల్లగొండల మా ఇంటి డాబా మీద రెండు రోజులల్ల పని అయిపోయింది, చూడనీకి మస్తుండె. పది రోజులకి బంకుల పెట్రోల్ కొట్టిచ్చుకుంటుంటే మూత కాడ రెండు చుక్కలు ఒలికినయ్, వేలితోటి తుడిస్తే రంగు వేలికే అంటుకొచ్చింది, ఇంటికొచ్చి చూసేసరికి మూత చుట్టూ పాల మీద మీగడ లెక్క ముడతలు పడి లేచిపోయింది. బండి మొత్తంల రోజూ పెట్రోల్ పడే జాగ ట్యాంకు ఒక్కటే, మడ్‌గార్డ్‌కి సరిపోయే స్ప్రే డబ్బా రంగు ట్యాంకుకి సరిపోదు అని నాకు ఆ రోజు తెలిసింది. ఆ తర్వాత ఇంకో నాలుగు ట్యాంకులు చేసిన, ఒకటి తప్ప అన్నీ బాగనే ఉన్నయ్. ఎట్ల చేసిన్నో మొదటి నుంచి చెప్తున్న.

ముందు టైమ్ సంగతి. స్ప్రే గన్ను పట్టుకుని రంగు కొట్టేది మొత్తం కలిపితే గంటన్నర ఉండదు, మిగతా అంతా గీకుడు, కడుగుడు, ఆరబెట్టుడు. చేతిపని ఐదారు రోజులు, ఆ తర్వాత పెట్రోల్ పొయ్యకుండ ఇంకో వారం. బండి రోజూ అవసరం ఉన్నోళ్ళు రెండు వారాలు వేరే ఏర్పాటు చేసుకునే మొదలుపెట్టాలె, లేకుంటే మధ్యల తొందరపడి ఖరాబ్ చేసుకుంటరు.

ఏ కాలంల, ఏ జాగల

మన దిక్కు ఎండాకాలం 43, 44 డిగ్రీలు మామూలే. ఆ వేడికి రంగు గన్నుల నుంచి ట్యాంకు మీదికి చేరేలోపే సగం ఆరిపోయి పిండి చల్లినట్టు పడతది, చెయ్యి పెడితే గరుకుగ తగుల్తది, మెరుపు రాదు. వానాకాలం చేస్తే గాలిల తేమ తడి రంగు మీద కూసుని తెల్లగ పాలిపోతది. నా లెక్కల దసరా అయినంకనుంచి శివరాత్రి దాక మంచి టైమ్. అది కూడ పొద్దున మంచు పూర్తిగ పోయినంక తొమ్మిదిన్నర పది నుంచి పన్నెండున్నర లోపల, ఎందుకంటే మధ్యాహ్నం గాలి లేస్తది. వరికోతలు నడిచే వారం మాత్రం వద్దు, హార్వెస్టర్ల దుమ్ము, రోడ్ల మీద వడ్లు ఆరబోసిన పొట్టు అంతా గాలిలనే ఉంటది. మిర్యాలగూడ దిక్కు రైస్‌మిల్లుల పక్కన ఉండేటోళ్ళయితే ఊక బూడిద ఏ రోజు తక్కువుందో చూసుకుని కొట్టాలె.

జాగ అంటే నాలుగు దిక్కులా గాలి ఆడే రేకుల షెడ్డు మంచిది. డాబా మీద చెయ్యాల్సి వస్తే మూడు దిక్కుల పాత చీరలో షామియానా గుడ్డో కట్టి, ఒక దిక్కు వదిలెయ్యాలె. మొదలుపెట్టే అరగంట ముందు కింద సాన్పి చల్లినట్టు నీళ్ళు చల్లితే దుమ్ము లేవదు. ట్యాంకుని స్టూల్ మీద బోర్లించొద్దు, కర్రకి రెండు మేకులు కొట్టి ట్యాంకు కింది గుంత ఆ కర్ర మీద కూసునేటట్టు నడుం ఎత్తుల స్టాండ్ చేసుకుంటే చుట్టూ తిరుగుకుంట కొట్టొచ్చు.

ఇంకో మాట, ఆర్సీల బండి రంగు రాసి ఉంటది. మొత్తం రంగే మార్చేటట్టయితే ముందే ఆర్టీఏ ఆఫీసుల అడిగి ఆర్సీల మార్పిచ్చుకోవాలె. ఉన్న రంగునే ఉంచి దాని మీద డిజైన్ వేస్తే ఈ తిప్పలు తక్కువ. ఆలివ్ గ్రీన్, అంటే మిలిటరీ బండ్ల రంగు, దాని జోలికి పోవద్దు, డిఫెన్స్ బండ్లకి తప్ప ఎవరికీ వెయ్యొద్దని మోటార్ వెహికల్ రూల్స్‌లనే ఉన్నది, బుల్లెట్లు ఉన్న పోరగాళ్ళు జర గుర్తుపెట్టుకోవాలె.

ట్యాంకు దించుడు

పెట్రోల్ ఉన్న ట్యాంకు కంటే ఖాళీ చేసిన ట్యాంకే ఎక్కువ డేంజర్, ఎందుకంటే లోపల అంతా ఆవిరే ఉంటది, ఆ ఆవిరే అంటుకుంటది. పైగా అది గాలి కంటే బరువు, నేల మీద పాక్కుంట పోతది. మీరు వాకిట్ల పెట్రోల్ తీస్తుంటే వంటింట్ల పొయ్యి, దేవుని అర్రల దీపం, అగర్బత్తి, ఇవన్నీ లెక్కలకి వస్తయి. ఇంట్లోళ్ళకి చెప్పి అన్నీ ఆర్పిచ్చి, బయట, ఎండ తగలని జాగల తియ్యాలె, బీడీ సిగరెట్ తాగేటోళ్ళని దగ్గరికి రానియ్యొద్దు. తీసిన పెట్రోల్‌ని నీళ్ళ బాటిల్లల్ల పొయ్యొద్దు, మూత గట్టిగుండే పెట్రోల్ క్యాన్ల పోసి పక్కకి పెట్టాలె, ఇంట్ల చిన్న పిల్లలుంటే మరీ.

పాత కార్బురేటర్ స్ప్లెండర్ అయితే అల్కగ అయితది: సైడ్ ప్యానెళ్ళు, సీటు తీసి, పెట్రోల్ కాక్ బంద్ చేసి పైపు గుంజి, మీటర్ వైరు కప్లర్ విప్పి, వెనక బోల్టు తీసి, ట్యాంకుని వెనక్కి గుంజితే ముందున్న రబ్బరు బుష్‌ల నుంచి జారొస్తది. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్ 6 (కొత్త పొగ రూల్‌ది) బండ్లల్ల చాలావాటికి మాత్రం కార్బురేటర్ బదులు ఫ్యుయల్ ఇంజెక్షన్ ఉంటది, పంపు ఎక్కువగ ట్యాంకులనే ఉంటది, పైపుల ప్రెషర్ ఉంటది. పంపు కప్లర్ విప్పి ఇంజిన్ దానంతట అదే ఆగేదాక నడిపితే ప్రెషర్ దిగుతది, అప్పుడు పైపు తియ్యాలె. పంపు విప్పకుండ ఆ ట్యాంకుల నీళ్ళు పొయ్యొద్దు. దీని మీద నమ్మకం లేకుంటే మెకానిక్ తోటి దింపిచ్చుకోండి, అందుల సిగ్గుపడేది ఏం లేదు.

కాక్, మీటర్ ఫ్లోట్, మూత, బ్యాడ్జిలు అన్నీ తీసి ఒక డబ్బాల వేసుకోవాలె. లోపల సర్ఫ్ నీళ్ళతోటి మూడు నాలుగుసార్లు కడిగి, మూత తెరిచి ఒక రోజు గాలికి పెట్టాలె. వెల్డింగ్ గిట్ల అవసరముంటే కడిగిన ట్యాంకైనా సరే ఇంట్ల ముట్టొద్దు, తెలిసినోళ్ళకి ఇవ్వాలె. ఆరినంక లోపల కొంచెం ఇంజిన్ ఆయిల్ పోసి తిప్పితే తుప్పు పట్టదు, కానీ ఒక్క చుక్క బయటికి రానియ్యొద్దు. మళ్ళ పెట్రోల్ పోసే ముందు ఆ ఆయిల్‌ని పెట్రోల్‌తోనే కడిగి తియ్యాలె. మూతి, కింది చిల్లులు అన్నీ పాలితిన్ పెట్టి టేపుతోటి గట్టిగ మూసెయ్యాలె.

గీకుడు, నీళ్ళ ముచ్చట

వాటర్ పేపర్, అంటే నీళ్ళతోటి రుద్దే గరుకు పేపర్, పట్టేకంటే ముందు థిన్నర్ గుడ్డతోటి ట్యాంకు మొత్తం తుడవాలె. ఇది వదిలేస్తే బండి మీద ఏండ్ల సంది పట్టిన పాలిష్, మైనం, సిలికాన్ అంతా పేపర్ గీతలల్లకి దిగుతది, తర్వాత రంగు కొడితే అక్కడక్కడ చేపకన్ను లెక్క గుండ్రంగ విడిపోతది, మళ్ళ మొదటికి వస్తది కథ. ఒక గుడ్డతోటి రుద్ది ఇంకో పొడి గుడ్డతోటి ఎత్తాలె, ఒకే గుడ్డతోటి రుద్దితే నూనెని అటుదిటు ఇటుదటు జరిపినట్టే.

పాత కంపెనీ రంగు గట్టిగుంటే మొత్తం ఇనుము దాక గీకొద్దు. కంపెనీల పొయ్యిల కాల్చిన రంగుకంటే మంచి ప్రైమర్, అంటే రంగు కింద వేసే అడుగు పొర, మనం ఇంట్ల కొట్టలేం. 320 నంబర్ పేపర్ (నంబర్ పెరిగిన కొద్దీ పేపర్ నున్నగుంటది), తర్వాత 400 తోటి మెరుపు పోయి మొత్తం ఒకే తీరు మబ్బుగ అయ్యేదాక రుద్దితే చాలు. బుడగలు లేచిన జాగ, తుప్పు జాగ మాత్రం 80, 120 తోటి తెల్ల ఇనుము కనపడేదాక పోవాలె, గుంతలల్ల మిగిలిన నల్ల తుప్పుకి రస్ట్ కన్వర్టర్ పూసి డబ్బా మీద రాసినంత సేపు వదలాలె. వంపుల కాడ వేళ్ళతోటి రుద్దితే వేలి గాడులు పడతయ్, పాత హవాయి చెప్పు ముక్క కోసి దానికి పేపర్ చుట్టి రుద్దండి, షాపులల్ల కూడ గిదే వాడుతరు.

ఇక నీళ్ళు. మన నల్లగొండ బోరు నీళ్ళ సంగతి వేరే చెప్పాల్నా, స్టీల్ గిలాసల ఆరితేనే తెల్ల మచ్చ పడతది. ఆ ఉప్పే ట్యాంకు మీద ఆరి, దాని మీద ప్రైమర్ పడితే, కొన్ని నెలలకి వానకి తడిసినప్పుడు రంగు కింద చెమటకాయల్లాంటి చిన్న బుడగలు లేస్తయి. నా రెండో ట్యాంకు గట్ల లేసింది, అందుకే గింత గట్టిగ చెప్తున్న. వాటర్ పేపర్ రుద్దుడు బోరు నీళ్ళతోటి చేసుకోండి పర్లేదు, ఆఖరి కడుగుడు మాత్రం ఫిల్టర్ నీళ్ళతోటి చెయ్యాలె, సగం క్యాను సరిపోతది, కడిగినంక దానంతట అది ఆరనియ్యకుండ గుడ్డతోటి తుడిచెయ్యాలె. ఇనుము కనపడ్డ జాగని రాత్రంత వదలొద్దు, పొద్దుగాల వరకు ఎర్రగ తుప్పు పొర వస్తది, అదే రోజు ప్రైమర్ పడాలె.

సొట్టలు

సొట్ట కనపడుతది అనుకుంటం గానీ, మబ్బుగ రుద్దిన ట్యాంకు మీద కంటికి అసలు కనపడదు. నల్లగొండల నాకు తెలిసిన ఒక పాత డెంటింగ్ చాచా ఉన్నడు, నేను ట్యాంకు పట్టుకపోయి "చాచా, ప్లేన్ వచ్చింది గదా?" అంటే ఆయన చూడనే లేదు, ట్యాంకు మీద ఒక పల్చటి నూలు దస్తీ వేసి, "కండ్లు మూసుకో తమ్మీ, నీ ఎడమచెయ్యి దీని మీద నిమురు" అన్నడు. అరచెయ్యి చదునుగ పెట్టి ముందు నుంచి వెనక్కి మెల్లగ జరిపిన. మోకాలు తగిలే వంపు కాడ చెయ్యి ఒక్కసారి దిగి మళ్ళ లేచింది, రూపాయి బిళ్ళంత జాగ. దస్తీ ఉంటే చెయ్యి అంటుకోకుండ జారుతది, అందుకే ఎత్తుపల్లం తెలుస్తది. అప్పటినుంచి ప్రతి పొర తర్వాత నేను గట్లనే చూస్తున్న.

లోతు సొట్టకి పాలిస్టర్ పుట్టీ పెట్టాలె. అందుల కలిపే హార్డ్‌నర్, అంటే గట్టిపరిచే మందు, సాధారణంగ బరువుల నూటికి రెండు పాళ్ళు, అంటే నిమ్మకాయంత పుట్టీకి బఠాణీ గింజంత. రంగు మొత్తం ఒకటే తీరు వచ్చేదాక గాజు పలక మీద కలపాలె. మన ఎండలకి నాలుగైదు నిమిషాలల్ల బిగుసుకుంటది కాబట్టి కొంచెం కొంచెమే కలుపుకోండి. సొట్ట కంటే అంగుళం బయటి దాక పల్చగ లాగి, అరగంట తర్వాత 120, 220, 320. పుట్టీని తడి పేపర్‌తోటి రుద్దొద్దు, నీళ్ళు పీల్చుకుంటది, పొడిగనే రుద్దాలె, ముక్కుకి మాస్కు కట్టుకోవాలె.

ప్రైమర్

కంప్రెషర్ ఉన్నోళ్ళు 1.3 లేదా 1.4 మిల్లీమీటర్ల నాజిల్ గన్ను వాడుకోవచ్చు, లేనోళ్ళకి 2కే, అంటే హార్డ్‌నర్ కలిసి గట్టిపడే, స్ప్రే డబ్బాలు దొరుకుతయి, ఒక ట్యాంకుకి ప్రైమర్ ఒకటి, బేస్ (అసలు రంగు) రెండు, క్లియర్ (పైన వేసే రంగులేని మెరుపు పొర) ఒకటి రెండు అని నా అంచనా. ఇనుము కనపడ్డ కాడ ఎపాక్సీ ప్రైమర్ బాగ పట్టుకుంటది. ఒక కంపెనీ ప్రైమర్ మీద ఇంకో కంపెనీ క్లియర్ కలపకండి, అడుగు నుంచి పై దాక ఒకే సెట్టు తీసుకుంటే గొడవ ఉండదు. డబ్బా లోపల గోలీ చప్పుడు మొదలైనంక ఇంకో రెండు నిమిషాలు ఊపాలె. 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం, అంటే బొటనవేలు చిటికెన వేలు చాపితే ఎంత ఉంటదో గంత. ట్యాంకు బయటనే బటన్ నొక్కి, ట్యాంకు మీంచి పోయి, అవతల వదలాలె, ప్రతి వరుస ముందు వరుస మీద సగం ఎక్కాలె. మొదటి కోటు కింది రంగు కనపడేటంత పల్చగ. పది పదిహేను నిమిషాలు ఆగి రెండోది, మూడోది.

తెల్లారి ప్రైమర్ మీద నల్ల రంగు దూరం నుంచి మిరియాల పొడి చల్లినట్టు ఊరికే అట్ల కొట్టండి. ఆరినంక 600 తోటి తడి పేపర్ రుద్దితే ఎత్తు జాగలల్ల నలుపు పోతది, పల్లం ఉన్న కాడ చుక్కలు మిగుల్తయి. మిగిలిన నలుపే మీ సొట్ట మ్యాప్. చిన్న చిల్లులు, పేపర్ గీతలు అయితే ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) పుట్టీ గోటితోటి పూసి మళ్ళ రుద్ది, ఆ జాగల మళ్ళ ప్రైమర్. నలుపు మొత్తం పోయేదాక రంగు డబ్బా ముట్టొద్దు, ఎందుకంటే మెరిసే రంగు కింద ప్రతి గుంత రెండింతలు కనపడతది.

రంగు, దాని మీద చిటికి

బేస్ కోటు మెరవదు, ఆరినంక మబ్బుగనే ఉంటది, ఖరాబైందని భయపడి ఇంకా ఇంకా కొట్టి కార్చుకోకండి. రెండు మూడు పల్చటి కోట్లు, కింద ప్రైమర్ కనపడకపోతే ఆపెయ్యాలె. ప్లేన్ రంగుల దుమ్ము పడితే 1000 పేపర్ తోటి మెల్లగ తీసి ఒక పల్చటి కోటు కొట్టొచ్చు, మెటాలిక్ రంగుని మాత్రం రుద్దొద్దు, అందులో రేకు పొడి చెదిరి మచ్చలు మచ్చలు కనపడతది.

నాకు బాగ ఇష్టమైన పని ఇక్కడ మొదలైతది. మన పుట్టపాక తేలియా రుమాల్ చూసే ఉంటరు కదా, ఎరుపు, నలుపు, తెలుపు. నూలుకి రోజుల తరబడి నూనె, ఆముదపు కాయల బూడిద నీళ్ళు పట్టిచ్చినంకనే రంగుకి పోతరు, తెలుపు ఉండాల్సిన కాడ దారం గట్టిగ చుట్టి ముంచుతరు, కట్టిన కాడికి రంగు పోదు, మన దిక్కు దీన్ని చిటికి అంటరు. ట్యాంకు మీద మాస్కింగ్ టేపు చేసేది అచ్చం గదే పని. అందుకే వరుస కూడ అదే పట్టాలె: ముందు తెలుపు ట్యాంకు మొత్తం, తెలుపు మిగలాల్సిన కాడ టేపు, తర్వాత ఎరుపు, ఎరుపు మిగలాల్సిన కాడ టేపు, ఆఖరికి నలుపు. అన్ని టేపులు ఒక్కసారి విప్పితే మూడు రంగులూ బయటపడతయ్.

ట్యాంకు వంపు మీద స్కేలు పనికిరాదు. మూత నడుమ నుంచి హ్యాండిల్ దిక్కు నడుమ దాక ఒక దారం గుంజి పెన్సిల్ చుక్కలు పెట్టుకోవాలె, అది మధ్యగీత. ఒక పక్క డిజైన్‌ని పల్చటి కాయితం మీద గీసి కోసి, అదే కాయితం తిప్పి రెండో పక్క పెడితే రెండూ సమానం వస్తయి. వంపులకి 3 మిల్లీమీటర్ల ఫైన్‌లైన్ టేపు మంచిగ తిరుగుతది, మిగతాది మామూలు టేపు, బ్రౌన్ పేపర్. న్యూస్ పేపర్ కప్పొద్దు, థిన్నర్ తగిలితే సిరా దిగుతది. టేపు అంచుని గోటితోటి నొక్కినంక దాని మీద కింద ఉన్న రంగునే ఒకసారి పల్చగ కొట్టాలె, దూరే సందుల ఆ రంగే దూరి మూసుకుపోతది, తర్వాత కొత్త రంగు కొడితే గీత కత్తితోటి కోసినట్టు వస్తది. అయితే చిటికి డిజైన్ల అందం అంచు కొంచెం చెదిరి ఉండుట్లనే ఉంటది. అట్లాంటి అంచు కావాలంటే టేపు ఆ దిక్కు అతికియ్యకుండ పైకి మడిచి వదిలితే రంగు కిందికి ఆవిరి లెక్క పోయి అంచు మెత్తగ వస్తది. నేను పొడుగు గీతలకి గట్టి అంచు, డైమండ్ల పైన కింద మెత్తటి అంచు పెట్టిన, దూరం నుంచి చూసినోళ్ళు బట్ట అతికిచ్చినవా అని అడిగిన్రు.

రంగు చేతికి అంటకుండ ఉంది గానీ ఇంకా పూర్తిగ గట్టిపడలే అన్నప్పుడు, టేపుని దాని మీదికే వెనక్కి మడిచి మెల్లగ గుంజాలె. గీతలు చేత్తో గీస్తానంటే కూడ మంచిదే, బుల్లెట్ ట్యాంకుల మీది బంగారు గీతల్ని చెన్నైల కంపెనీ మనుషులు చేత్తోనే గీసుకుంట వచ్చిన్రు, కానీ ఆ చెయ్యి కుదరాలంటే పాత డబ్బాల మీద వందల గీతలు గీయాలె.

క్లియర్ కోటు

మొదట చెప్పిన మీగడ ముడత ఇక్కడ తప్పిచ్చుకోవాలె. మామూలు డబ్బా క్లియర్, ఎన్.సి. లక్కర్, ఇవి థిన్నర్ ఎగిరిపోతే ఆరేవి, పెట్రోల్ తగిలితే మళ్ళ కరుగుతయ్, ఇప్పటి పెట్రోల్ల ఇథనాల్ కూడ కలుస్తుంది కాబట్టి ఇంకా తొందరగ. 2కే పీయూ (పాలీయురెథేన్) క్లియర్ వేరు, హార్డ్‌నర్ తోటి కలిసి గట్టిపడతది, గట్టిపడ్డంక పెట్రోల్ చుక్క పడి తుడిస్తే ఏం కాదు. డబ్బాలల్ల వచ్చే 2కే అయితే అడుగున బటన్ నొక్కి ఊపాలె, నొక్కినంక అది కొన్ని గంటలో ఒక రోజో మాత్రమే పనికొస్తది, దాచిపెట్టుకునేది కాదు.

ఆ హార్డ్‌నర్ల ఐసోసయనేట్ అనే కెమికల్ ఉంటది, పీలిస్తే ఊపిరితిత్తులకి దెబ్బ, కొందరికి జీవితాంతం ఆస్తమా పడతది. గుడ్డ, కరోనా మాస్కు దీన్ని ఆపవు. ఆర్గానిక్ వేపర్ కాట్రిజ్‌లు ఉండే రబ్బరు మాస్కు, చేతులకి గ్లౌజులు, కండ్లకి అద్దాలు, నిండు చేతుల అంగీ, ఇవి లేకుంటే ఇంట్ల 2కే కొట్టనే కొట్టొద్దు. డిజైన్ వరకు మీరు చేసుకుని, క్లియర్ ఒక్కటి బూత్, అంటే రంగు కొట్టే మూసిన గది, ఉన్న పెయింటింగ్ షాపుల కొట్టిచ్చుకోండి, అది కూడ మీ ట్యాంకే. ఆస్తమా ఉన్నోళ్ళు, ఇంట్ల పసిపిల్లలు ఉన్నోళ్ళకి నేను ఇదే చెప్త.

బేస్ ఆరిన అరగంట నుంచి అదే రోజు లోపల క్లియర్ పడాలె. ట్యాంకుని టాక్ క్లాత్‌తోటి, అంటే జిగురు గుడ్డతోటి, ఊరికే తాకినట్టు తుడిచి, మొదటి కోటు పల్చగ, పదిహేను నిమిషాల తర్వాత రెండోది తడిగ, నిండుగ. అద్దం లెక్క పరుచుకునేటట్టు కొట్టాలె, ఇంకొక్క క్షణం ఎక్కువైతే కారుతది, ఆ మధ్యన ఉన్న గీత చెయ్యికి అలవాటు కావాల్సిందే. ట్యూబ్‌లైట్ నీడని ట్యాంకు మీద చూసుకుంట కొడితే నీడ అంచు చక్కగ కనపడ్డ కాడ చాలు అని తెలుస్తది. కారితే ముట్టొద్దు. దోమ పడితే కూడ ముట్టొద్దు. గట్టిపడ్డంక 1500 పేపర్ తోటి తీసేది వేరే. డిజైన్ అంచుల ఎత్తు గోటికి తగులుతుంటే తెల్లారి 800 తోటి మెల్లగ రుద్ది ఇంకో రెండు కోట్లు క్లియర్ కొడితే అంచు తెలియకుండ పోతది. మూతి చుట్టూ, మూత కింద దాగే అంచు దాక క్లియర్ పోవాలె, పెట్రోల్ లోపలికి దూరేది ఆ అంచు కాడ్నుంచే.

పాలిష్, బిగిచ్చుడు

రెండు రోజులు నీడల ఆరనియ్యాలె. 1500, తర్వాత 2000, సబ్బు చుక్క వేసిన నీళ్ళతోటి, మొత్తం మెరుపు పోయి పాలరంగు వచ్చేదాక, కానీ మడతల అంచుల మీద రుద్దొద్దు, అక్కడ క్లియర్ పల్చగ ఉంటది, రంగు బయటపడతది. తర్వాత రబ్బింగ్ కాంపౌండ్ మెత్తటి గుడ్డతోటి చేత్తో గుండ్రంగ, గంటసేపు పడతది. మైనం పాలిష్ మాత్రం నెల దాక వద్దు, లోపల మిగిలిన థిన్నర్ బయటికి పోవాలె. కలిపి మిగిలిన క్లియర్‌ని మోరీల పొయ్యకండి, డబ్బాలనే బయట వదిలేస్తే గట్టిపడతది, అప్పుడు చెత్తల వెయ్యండి.

క్లియర్ కొట్టినకాడ్నుంచి ఏడు రోజులు అయినంక ట్యాంకు ఎక్కియ్యాలె. రబ్బరు బుష్‌లకి సబ్బు నీళ్ళు రాస్తే జారి కూసుంటది, స్పానర్ తగలకుండ వెనక బోల్టు చుట్టూ టేపు వెయ్యండి, ఎండిపోయిన పెట్రోల్ పైపు, మూత రబ్బరు వాషర్ ఉంటే కొత్తవి వేసుకోండి. ముందు అర లీటరు పోసి పావుగంట కింద చెయ్యి పెట్టి చూడండి, కాక్ కాడ తడి లేకుంటేనే మిగతాది పొయ్యాలె. బంకుకి పోయినప్పుడు మూత కాడ ఒక మెత్తటి గుడ్డ పెట్టి, "అన్నా, జర మెల్లగ పొయ్యి, ఫుల్ అంచు దాక వద్దు" అని నేను ఇప్పటికీ చెప్త.